కొరియర్ ఫాంటులో కొరివిదెయ్యం

మొన్న ఆదివారం నిజాంపేటలో ఒక టీ కొట్టు ముందు ఐదుగురు ఇంజనీర్లు కొట్టుకున్నంత పని చేశారు. గొడవ దేనికంటే, హారర్ స్క్రిప్టులో దెయ్యం కనపడకుండా గొంతు మాత్రమే వినిపిస్తే పాత్ర పేరు పక్కన "ఓఎస్" అని రాయాలా, "వీఓ" అని రాయాలా అని. దెయ్యం ఆ గదిలోనే ఉంది కాబట్టి ఆఫ్ స్క్రీన్ అని ఒకడు. చచ్చిపోయిన మనిషి గదిలో ఎలా ఉంటాడు, కాబట్టి వాయిస్ ఓవర్ అని ఇంకొకడు. ఫోన్లు తీశారు, హాలీవుడ్ స్క్రిప్టుల పీడీఎఫ్‌లు తెరిచారు, సాక్ష్యాలు చూపించుకున్నారు. టీలు చల్లారిపోయాయి. ఆ ఐదుగురిలో నేనూ ఒకణ్ణి, నాది ఓఎస్ పార్టీ.

రెండు గంటల్లో మాలో ఎవడికీ తట్టని ప్రశ్న ఒకటుంది. ఇంతకీ ఆ దెయ్యం ఎవరు?

ముందు ఫార్మాట్ సంగతి చూసేద్దాం, ఎందుకంటే అది తేలిక. కొరియర్ ఫాంటు, 12 పాయింట్లు, ఎడమవైపు అంగుళంన్నర మార్జిన్, ఒక పేజీ రాస్తే తెర మీద ఒక నిమిషం. ఇవన్నీ టైప్‌రైటర్ కాలం నాటి లెక్కలు. ఎడమవైపు అంత జాగా ఎందుకంటే అక్కడ రంధ్రాలు పొడిచి ఇత్తడి పిన్నులు గుచ్చుతారు కాబట్టి. టైప్‌రైటర్లో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు, అందుకే పేజీకి నిమిషం అనే అంచనా అటూ ఇటూగా కుదిరేది.

అయ్యా, కొరియర్లో తెలుగు అక్షరాలే లేవు! మీరు కొరియర్ అని సెలెక్ట్ చేసి తెలుగులో టైప్ చేస్తే కంప్యూటర్ చడీచప్పుడు లేకుండా గౌతమో నిర్మలో తెచ్చి పెడుతుంది. "స్త్రీ" అనే అక్షరాన్నీ "అ" అనే అక్షరాన్నీ ఒకే వెడల్పు డబ్బాలో కుక్కి చూడండి, ఏమవుతుందో. పైగా "రాలేకపోతున్నానంటున్నాడు" అన్నది మనకి ఒక్క మాట, ఇంగ్లీషులో అయితే అర లైను. పేజీకి నిమిషం సూత్రం ఇక్కడ ఎలా పనిచేస్తుంది? చెయ్యదు. అయినా మావాళ్ళు కొరియర్ కోసం కథ మొత్తం ఇంగ్లీషులో రాసి, డైలాగులు ఇంగ్లీషు లిపిలో తెలుగు కొట్టి పంపుతున్నారు. ఆ డైలాగు పైకి చదివితే పరభాషా హీరోయిన్ చదివినట్టుంటుంది.

మన సినిమాల్లో ఎప్పటినించో ఇంకో పద్ధతి ఉంది. పేజీని నిలువుగా రెండు చేసి, ఎడమవైపు కనపడేది, కుడివైపు వినపడేది రాయడం. పాతకాలపు పద్ధతి అని ఇప్పటి పిల్లలకి చిన్నచూపు. నాకైతే హారర్‌కి ఇంతకంటే మంచి ఫార్మాట్ లేదనిపిస్తుంది. ఎడమవైపు పది లైన్లుండి కుడివైపు ఖాళీగా ఉంటే నిశ్శబ్దం ఎంతసేపుందో చదవకుండానే కంటికి తెలిసిపోతుంది. అమెరికా పద్ధతిలో నిశ్శబ్దాన్ని కూడా మాటల్లో వర్ణించి చావాలి.

అమెరికా వాళ్ళే ఆ పద్ధతిని ఎంత పట్టుకుని వేళ్ళాడుతున్నారో చూద్దాం. 2018లో వచ్చిన "ఎ క్వైట్ ప్లేస్"కి స్కాట్ బెక్, బ్రయాన్ వుడ్స్ రాసిన మొదటి స్క్రిప్టు 67 పేజీలు. కొన్ని పేజీల్లో ఒకటో రెండో మాటలే, అవీ పెద్ద అక్షరాల్లో. సినిమా గంటన్నర ఉంది. పేజీకి నిమిషం అని ఎవడూ వాళ్ళని తిప్పి పంపలేదు, స్టూడియో కొనుక్కుంది.

అలాగని ఫార్మాట్ దండగ అనను. నేనూ ఆఫీసులో కోడ్ రివ్యూ చేస్తాను. ఇష్టమొచ్చినట్టు రాసిన కోడ్ చూస్తే నాకూ చిరాకే. వంద స్క్రిప్టులు చదవాల్సినవాడు మొదట చేతికందిన జల్లెడ వాడతాడు, మార్జిన్లు సరిగ్గా లేనివి పక్కన పడేస్తాడు, తప్పు పట్టలేం. కానీ రివ్యూలో ట్యాబులా స్పేసులా అని గొంతు చించుకునేవాడు సాధారణంగా లాజిక్ చదవనివాడే. మా ఆదివారాలు అలా తయారయ్యాయి. ఫార్మాట్ గురించి మాట్లాడుకోవడం హాయి. దానికి ఒక సరైన జవాబుంటుంది, గూగుల్ చేస్తే దొరుకుతుంది. నీ కథలో జనం ఎవరికి భయపడాలి అన్న ప్రశ్న గూగుల్లో దొరకదు. దొరికినా మనకి నచ్చదు.

ఇక పోటీలు. నేను రెండింటికి పంపాను. పేర్లు అనవసరం.

మొదటిది కరెంటు కథ. మాది కమ్మర్‌పల్లి, ఆర్మూరుకీ మెట్‌పల్లికీ మధ్య, పసుపు పండే ఊరు. 2018 జనవరి ఒకటి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది గానీ, అంతకుముందు విడతలవారీగా ఇచ్చేవాళ్ళు, అందులో ఒక విడత రాత్రి పూట. బాపు బ్యాటరీ లైటు పట్టుకుని అర్ధరాత్రి మోటారు వెయ్యడానికి పోయేవాడు. తడి నేల, చీకటి, గట్టు మీద పాములు, తుప్పు పట్టిన స్టార్టర్ డబ్బా. ఆయన తిరిగొచ్చి చెప్పులు విడిచిన చప్పుడు వినేదాకా అమ్మ పడుకునేది కాదు. నేను పడుకున్నట్టు నటించేవాణ్ణి. ఆ చెప్పుల చప్పుడు మీద 90 పేజీలు రాశాను. ఇంగ్లీషులోనే ఉండాలన్నారు, ఇంగ్లీషులోనే పంపాను. ఫీజు కట్టాను. నాలుగు లైన్ల అభిప్రాయం వచ్చింది: సీన్ హెడింగులు సరిగ్గా లేవు, దెయ్యం ఆలస్యంగా వస్తోంది, మొదటి పది పేజీల్లో రావాలి. నా కథలో దెయ్యమే లేదని చదివినాయన గమనించినట్టు లేదు :)

బుద్ధొచ్చి రెండోది వాళ్ళకి కావలసినట్టు రాశాను. 2021 డిసెంబరు. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె. గుమ్మంలో నిమ్మకాయలు. ఊళ్ళో పిల్లలకి ఒకరి తర్వాత ఒకరికి జ్వరం. డల్లాస్ నుంచి సెలవుకొచ్చిన హీరో మొదట నమ్మడు, తర్వాత నమ్ముతాడు. క్లైమాక్స్‌లో ఊరంతా కాగడాలు పట్టుకుని ఆమె ఇంటి మీదికి పోతుంది, ఇల్లు తగలబడుతుంది, తెల్లారేసరికి పిల్లలు కళ్ళు తెరుస్తారు. మొదటి దెయ్యం ఆరో పేజీలో. హెడింగులు అద్దం లాగా ఉన్నాయి.

షార్ట్‌లిస్ట్ అయ్యింది. పల్లెటూరి వాతావరణం చాలా సహజంగా ఉందని మెచ్చుకున్నారు. మెయిల్ చూసి ఎగిరి గంతేశాను, రూమ్మేట్లందరికీ బిర్యానీ ఇప్పించాను.

మధ్యలో ఒక సంగతి జరిగింది. 2022 జనవరి 20న జగిత్యాల టీఆర్ నగర్‌లో, మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రినీ ఇద్దరు కొడుకులనీ కులసంఘం మీటింగు దగ్గరే పొడిచి చంపేశారు. జగిత్యాల అంటే మా ఊరి మీదుగా పోయే 63వ నంబరు హైవే మీదే, మెట్‌పల్లి, కోరుట్ల దాటితే వస్తుంది. పేపర్లో చదివాను. అయ్యో అనుకున్నాను. నా స్క్రిప్టు నాకు గుర్తే రాలేదు. నిజం చెప్తున్నా, రెండు నెలల తర్వాత బిర్యానీ తింటున్నప్పుడు కూడా గుర్తు రాలేదు.

2023 ఏప్రిల్లో "విరూపాక్ష" చూడ్డానికి వెళ్ళినప్పుడు వచ్చింది. అందులో మొదట్లోనే క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక దంపతుల్ని ఊరి జనం చెట్టుకి కట్టేసి కాల్చేస్తారు, వాళ్ళు శాపం పెడతారు, పన్నెండేళ్ళకి శాపం పనిచేస్తుంది. కార్తీక్ దండు బాగా తీశాడు, కాదనను, సుకుమార్ స్క్రీన్‌ప్లే పట్టుగా ఉంది, ఆ హత్యకి ఊరు మూల్యం చెల్లిస్తుంది కూడా. కానీ ఆ మంటల సీన్ నడుస్తుంటే నా వెనక వరుసలో ఎవడో ఈలేశాడు. అప్పుడు తెలిసింది, నా క్లైమాక్స్‌లో నేను రాసింది అదే ఈల. నా కథలో ఒక ముసలామెని తగలబెట్టడమే శుభం కార్డు. గుంపు కరెక్టు, ఆమె మంత్రగత్తె, చంపాక పిల్లలు బతికారు. ఏ పోటీ జడ్జీ దాన్ని పట్టుకోలేదు. పేజీ నంబర్లు మాత్రం పట్టుకున్నారు.

నా కథలో ముసలామె గాల్లోంచి రాలేదు. మా వాడలో ఉండేది. పేరు రాయను. మేం పిల్లలం ఆమె తలుపు మీద రాళ్ళు వేసి పరుగెత్తేవాళ్ళం. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు బాపమ్మని అడిగాను, ఆమెకి నిజంగా మంత్రాలొచ్చా అని. బాపమ్మ నవ్వింది. "దానికేం మంత్రాలురా, దానికి సక్కగ అక్షరమే రాదు. మొగడు మస్కట్ పోయిండు, మల్ల రాలె. పిల్లల్లేరు. ఇల్లు, ఇంటెన్క రెండు గుంటల జాగ ఉండె. మరిదోళ్ళకు ఆ జాగ గావాలె. ఇంగ ఊకుంటరా?"

చూశారా, కథ అక్కడుంది! రెండు గుంటల జాగా కోసం ఒక పుకారు ఎలా పుడుతుంది, మొదట ఎవరి నోట్లో పుడుతుంది, రాళ్ళు వేసే పిల్లల దాకా ఎలా చేరుతుంది, రాత్రి తలుపు మీద రాయి పడితే లోపలున్న మనిషికి ఎలా ఉంటుంది. హారర్ అంటే అది. కెమెరా నేను తలుపు బయట పెట్టాను. లోపల పెట్టాల్సింది.

ఈ గొడవ కొత్తది కాదు. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వీక్లీలో యండమూరి "తులసిదళం" సీరియల్ దుమ్ము రేపింది. అప్పుడే క్షుద్ర సాహిత్యం అన్న తిట్టు కూడా బాగా వాడుకలోకి వచ్చింది. రంగనాయకమ్మ "తులసిదళం కాదు గంజాయి దమ్ము" అని ఏకంగా పుస్తకమే రాశారు. నేను చిన్నప్పుడు మా మామయ్య ట్రంకు పెట్టెలోంచి "తులసిదళం" దొంగతనంగా తీసి చదివి మూడు రాత్రులు లైటు ఆర్పలేదు కాబట్టి, యండమూరిని తిట్టే నైతిక హక్కు నాకు లేదు. ఆయనకి భయపెట్టడం వచ్చు. మా బాధేమిటంటే ఆ బొమ్మా, సూదులూ, నిమ్మకాయలూ నలభై ఏళ్ళుగా చేతులు మారుతూ మా స్క్రిప్టుల దాకా వచ్చాయి. "మా ఊరి పొలిమేర" 2021లో ఓటీటీలో ఆడి, 2023లో రెండో భాగం థియేటర్లకి వచ్చేసరికి మా బ్యాచ్‌లో చేతబడి లేని స్క్రిప్టు లేకుండా పోయింది. పల్లెటూరు అంటే చేతబడి, అంతే. ఆ స్క్రిప్టులు రాసేవాళ్ళలో సగం మందికి సొంత ఊళ్ళో ఏ పొలం ఎవరిదో తెలియదు.

బోధన్ వాడొకడున్నాడు మాలో. నిజాం షుగర్స్ మీద రాశాడు. 1937లో నిజాం హయాంలో పెట్టిన ఫ్యాక్టరీ, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు, 2015 డిసెంబరులో లేఆఫ్ పెట్టి మూసేశారు. శక్కర్‌నగర్ అనే ఊరి పేరులోనే చక్కెర ఉంది, చక్కెర మాత్రం లేదు. అంతకంటే పెద్ద దెయ్యాల కొంప మన జిల్లాలో ఇంకోటుందా? వీడి స్క్రిప్టులో దెయ్యం ఎవరంటే తెల్లదొర ఇంజనీరు, చేతిలో పిస్తోలు. ఎందుకురా అంటే, "పోటీలోళ్ళకు పీరియడ్ ఫ్లాష్‌బ్యాక్ నచ్చుతదిరా" అన్నాడు. ఒక్క పూటలో వందల మంది షిఫ్టు ఆగిపోతే ఊరు ఎలా మారిపోతుందో చూసినవాడు వాడు. దొరని ఎక్కడా చూడలేదు.

పోటీలు కాకపోతే ఇంకో దారి నరేషన్. మన దగ్గర స్క్రిప్టు చదవరు, చెప్పించుకుంటారు. దిల్ రాజు మా జిల్లావాడే, నర్సింగ్‌పల్లి. 2014లో వచ్చిన "గీతాంజలి"లో హీరో నిర్మాతకి దెయ్యం కథ చెప్పే డైరెక్టర్ కుర్రాడు. ఆ సినిమా అంతా మా బతుకే, కాస్త నవ్వు ఎక్కువ. ఆ నవ్వు ఎందుకు ఎక్కువో కూడా నాకో థియరీ ఉంది. ఏసీ రూములో నోటితో కథ చెప్పేటప్పుడు జోకు పేలితే అవతలాయన నవ్వుతాడు, మనకి తెలుస్తుంది. భయం వేస్తే? ఆయన ఊరికే కూర్చుంటాడు. బోరు కొట్టినా ఊరికే కూర్చుంటాడు. తేడా తెలియదు. అందుకే చెప్పేవాడు పది నిమిషాలకో జోకు వేస్తాడు, ఆ జోకులే సినిమాలోకి ఎక్కుతాయి. 2013లో "ప్రేమకథా చిత్రమ్" ఆడాక ఐదారేళ్ళు మన దెయ్యాలన్నీ కమెడియన్లని చెంపదెబ్బలు కొట్టడానికే పుట్టాయి. అదలా ఉంచితే, పేరు పడకుండా రాసేవాళ్ళని ఇండస్ట్రీలో "ఘోస్ట్" అంటారు కాబట్టి, మన హారర్లో నిజమైన దెయ్యం టైటిల్స్‌లో కనపడనివాడే.

ఈమధ్య కొత్త తలుపులు తెరిచారు. ప్రభాస్ 2024లో పరిచయం చేసిన "ది స్క్రిప్ట్ క్రాఫ్ట్"లో 250 మాటల్లో ఐడియా పెడితే జనం రేటింగ్ ఇస్తారు. 2025లో దిల్ రాజు కొత్తవాళ్ళ కోసం "దిల్ రాజు డ్రీమ్స్" మొదలుపెట్టారు. మంచిదే, కృష్ణానగర్లో చెప్పులరిగేలా తిరగడం కంటే నయం. కానీ 250 మాటల్లో హారర్ రాయమంటే ఏం రాస్తాం? ట్విస్టు రాస్తాం. చివరికి హీరోయినే దెయ్యం, చివరికి డాక్టరే మాంత్రికుడు. చెప్పుల చప్పుడు కోసం ఎదురుచూసే అమ్మ 250 మాటల్లో పట్టదు. పట్టినా రెండు స్టార్లొస్తాయి.

నేను ఇలా అంటే మావాళ్ళు రెండు మాటలంటారు. ఒకటి, సినిమా చూసి ఎవడైనా మనుషుల్ని చంపుతాడా అని. చంపడు. సినిమా పుట్టకముందు నుంచే బాణామతి పేరు చెప్పి కొట్టారు, పళ్ళు పీకారు, చంపారు. నిషేధించమనీ సెన్సారు చెయ్యమనీ నేను అడగట్లేదు. నేనడిగేది రాసేవాణ్ణి. నీ కథలో గుంపుని కరెక్టు చేసే ముందు ఒకసారి ఆగు, అంతే. సినిమా మొదట్లో "మూఢనమ్మకాలను ప్రోత్సహించుట మా ఉద్దేశం కాదు" అని కార్డు వేస్తాం కదా అంటారు. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "ఐ అగ్రీ" ఎన్నిసార్లు చదివి నొక్కాం మనం?

రెండో మాట, మంత్రాలు తీసేస్తే ఇక హారర్ ఏముంటుంది అని. అసలు తీసేయమని ఎవరన్నారు? "మసూద" 2022లో వచ్చింది. అందులోనూ క్షుద్రవిద్య చేసే ఆడమనిషి ఉంది. నాకు మాత్రం గుర్తుండిపోయింది, కూతురికి ఏమవుతోందో అర్థం కాక, డాక్టర్ని నమ్మాలో బాబాని నమ్మాలో తెలియక తిరిగే ఒంటరి తల్లి. మనకీ కావలసినంత ఉంది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో రాత్రంతా కళ్ళం దగ్గర కాపలా పడుకున్నవాణ్ణి అడగండి, దూరంగా ఎవరూ లేని చేనులో కొరివిదెయ్యం వెలుగు ఎలా కనపడిందో చెప్తాడు. అతను చెప్పే తీరులో డైలాగు ఉండదు, మధ్యమధ్యలో బీడీ వెలిగించుకోవడం ఉంటుంది. గల్ఫ్ నుంచి శంషాబాద్‌లో దిగిన పెట్టె అంబులెన్సులో ఊళ్ళోకి వస్తుంటే, లోపల నిజంగా మనవాడే ఉన్నాడా అని ఒక్క క్షణం ఆశపడే ఇల్లాలు మా మండలంలో ఒక్కతి కాదు. దానికి ఏ మాంత్రికుడు కావాలి?

ఆదివారం రాత్రి ఓఎస్-వీఓ వాణ్ణి నేనే బండి మీద దింపాను. దారిలో అడిగాను, "ఇంతకీ ఆ గొంతు ఎవరిదిరా?" అని.

"ఇంకా అనుకోలే. ఎవల్నన్న ఒక ముసల్దాన్ని పెడ్తా."

బండి పక్కకి ఆపాను. జగిత్యాల గురించీ, మా వాడ ముసలామె గురించీ, రెండు గుంటల జాగా గురించీ చెప్పాను. వాడు హెల్మెట్ తియ్యకుండానే విన్నాడు. చివర్లో, "గట్లయితే క్లైమాక్స్ ఏం జెయ్యాలెరా? నెలాఖరుకు పంపాలె" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నా స్క్రిప్టుకే ఇంకా క్లైమాక్స్ కుదర్లేదు.

నాది మళ్ళీ మొదటినించి రాస్తున్నాను, ఈసారి తెలుగులో, రెండు నిలువు వరసల్లో, కెమెరా తలుపు లోపల పెట్టి. ఇప్పటికి 41 పేజీలయ్యాయి. కుడివైపు చాలా ఖాళీగా ఉంది. ఈ అవతారంలో ఏ పోటీవాళ్ళూ తీసుకోరని తెలుసు. చదువుతామనే వాళ్ళు చెప్పండి, పంపుతాను. గౌతమి ఫాంటులో ఉంటుంది.